ఎక్స్‌రే గదిలో నెలసరి ప్రశ్న: ఇమేజింగ్ విద్యార్థికి అడగడం నేర్పిన ఒక కేసు

నేపథ్యం

ఈ కేసు ఒక బోధనాసుపత్రి రేడియాలజీ విభాగానిది. ఆసుపత్రి, ఊరు, సంవత్సరం, రోగిని గానీ విద్యార్థిని గానీ గుర్తుపట్టే వివరాలు వదిలేశాం. నేర్చుకోవడానికి అవి అక్కర్లేదు.

విద్యార్థి ఇమేజింగ్ టెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్న అబ్బాయి. పొజిషనింగ్ (రోగిని సరైన భంగిమలో ఉంచడం) చక్కగా వచ్చు. నడుం ఎక్స్‌రేకి సెంటరింగ్ ఎక్కడ పెట్టాలో, ఒళ్ళున్న మనిషికి కేవీ (కిరణాల శక్తిని నిర్ణయించే వోల్టేజి) ఎంత పెంచాలో, కాలిమేషన్ (కిరణాలు పడే మేర) ఎంత బిగించాలో చెప్పించుకోవాల్సిన పని లేదు. మళ్ళీ తీయాల్సి వచ్చే ఫిల్ములు తోటి విద్యార్థుల కంటే అతనివి తక్కువ. అందుకే ఉదయం ఓపీ రద్దీలో అతన్ని సీనియర్ టెక్నీషియన్ పక్క గదిలో ఉండగా ఒక్కణ్ణే కన్సోల్ (మిషను నడిపే చోటు) దగ్గర ఉంచడం అలవాటైంది.

రోగితో మాట్లాడటం గురించి అప్పటిదాకా అతనికి అందిన శిక్షణ పుస్తకంలో ఒక అధ్యాయం, తరగతిలో ఒకటి రెండు పీరియడ్లు. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు పొజిషనింగ్‌కీ, ఎక్స్‌పోజర్‌కీ, ఫిల్మ్ నాణ్యతకీ ఉంటాయి. రోగిని ఏం అడిగాడు, ఎక్కడ అడిగాడు, ఎలా అడిగాడు అన్నది పరీక్షకుడు చూడడు. చూడనిది విద్యార్థి సాధన చేయడు. ఈ కేసుకు మూలం అక్కడే ఉందని మా అంచనా.

ఏం జరిగింది

పెళ్ళయి కొంతకాలమైన ఇరవైల్లోని ఒక మహిళ అత్తగారితో కలిసి వచ్చింది. ఓపీ చీటీ మీద నడుంనొప్పి, లంబార్ స్పైన్ ఏపీ, లాటరల్ అని ఉంది; అంటే నడుం వెన్నెముకకు ఎదురుగా ఒక ఎక్స్‌రే, పక్క నుంచి ఒకటి. చివరి నెలసరి తేదీ రాయాల్సిన చోట ఖాళీ.

వరండాలో చాలామంది ఉన్నారు. విద్యార్థి తలుపు దగ్గర నిలబడి పేరు పిలిచాడు. ఇద్దరూ లేచి వచ్చారు. గుమ్మంలోనే చీటీ చూస్తూ అడిగాడు: "ప్రెగ్నెన్సీ ఏం లేదు కదా?" జవాబు అత్తగారు చెప్పారు: "లేదు బాబూ, ఇంకా ఏం లేదు." కోడలు తల ఊపింది. విద్యార్థి చీటీ మీద టిక్కు పెట్టాడు.

ఏపీ ఎక్స్‌పోజర్ అయింది. లాటరల్ కోసం పక్కకి తిప్పి పడుకోబెడుతుండగా, సాయం పట్టిన ఆయాతో ఆమె మెల్లగా ఏదో అంది. నెల దాటి పది రోజులకు పైనే అయిందట. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఖాయం కాకుండా చెప్పకూడదనుకుందట. ఆయా వచ్చి ఆ మాట విద్యార్థికి చెప్పింది.

ఆ తర్వాతి రెండు నిమిషాల్లో అతను చేసినవాటిలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. లాటరల్ తీయకుండా ఆపేసి సీనియర్‌ను పిలిచాడు. అది మంచి పని. కానీ సీనియర్ వచ్చేలోపు ఆమెతో, "ఏం భయం లేదండీ, లెడ్ షీల్డ్ ఉంది కదా, ఏం కాదు" అన్నాడు. లంబార్ స్పైన్ ఏపీలో గర్భాశయం ఉండే చోటు కిరణాల దారిలోనే ఉంటుంది. అక్కడ లెడ్ (కిరణాలను ఆపే సీసం) పెడితే చూడాల్సిన ఎముక కనపడదు. అంటే ఆమె పొట్ట మీద ఏ షీల్డూ లేదు. ఆమె దాన్ని గమనించింది కూడా. అబద్ధం అని తెలిసిపోయిన ధైర్యవచనం అసలు ధైర్యం చెప్పకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ తర్వాత రేడియాలజిస్టు నిజం చెప్పినా ఆమెకు నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది.

రోగి విషయంలో తీసుకున్న నిర్ణయాలు

మొదటి నిర్ణయం, ఆమెతో విడిగా మాట్లాడాలా, అత్తగారిని కూర్చోబెట్టుకుని మాట్లాడాలా అన్నది. విడిగానే మాట్లాడాం. గర్భం సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలన్నది ఆమె ఇష్టం; మన తప్పు వల్ల ఆ హక్కు పోకూడదు. అత్తగారికి "ఇంకో చిన్న పరీక్ష చేయాలి, అరగంట పడుతుంది" అన్నంత వరకే చెప్పాం. అందులో అబద్ధమేమీ లేదు.

రెండోది, మూత్ర పరీక్ష. నెల దాటాక ఈ పరీక్ష చాలావరకు నమ్మదగినదే. దాటకముందు నెగెటివ్ వస్తే మాత్రం గర్భం లేదని తేల్చలేం. ఈ తేడా విద్యార్థులకు తరచూ తెలియదు. ఆమెకు పాజిటివ్ వచ్చింది.

మూడోది, డోసు. కన్సోల్ మీది కేవీ, ఎంఏఎస్ (కిరణాల మొత్తాన్ని నిర్ణయించే అంకె), ట్యూబు నుంచి దూరం, ఫీల్డు కొలత, పొట్ట మందం అన్నీ అప్పటికప్పుడే రాయించాం. తర్వాత గుర్తు చేసుకుని రాస్తే అంకెలు మారిపోతాయి. ఇలాంటి సందర్భాల్లో చూసుకోవడానికి ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్) 2000లో వెలువరించిన 84వ ప్రచురణలో పట్టిక ఉంది. లంబార్ స్పైన్ పరీక్షలో పిండానికి అందే డోసు సగటున 1.7 మిల్లీగ్రేలు (ఒంట్లో చేరిన కిరణాల కొలత), ఎక్కువలో ఎక్కువ 10. పెల్విస్ ఎక్స్‌రేకి సగటు 1.1, పొట్ట ఎక్స్‌రేకి 1.4. ఛాతీ ఎక్స్‌రేకి 0.01 కంటే తక్కువ. పెల్విస్ సీటీకి మాత్రం సగటు 25, గరిష్ఠం 79. పిండానికి 100 మిల్లీగ్రేల లోపు డోసు అందినప్పుడు, ఆ కారణంగా గర్భం తీయించుకోవడం సమర్థనీయం కాదని అదే ప్రచురణ చెబుతుంది. ఇక్కడ జరిగింది ఒక్క ఏపీ ఎక్స్‌పోజర్. ఆందోళన పడాల్సిన స్థాయి కానే కాదు.

నాలుగోది, ఈ అంకెలు ఆమెకు ఎలా చెప్పాలన్నది. మాకు అసలు భయం డోసు గురించి కాదు. ఇంటికెళ్ళాక ఎవరో "ఎక్స్‌రే పడింది, బిడ్డ బాగుండదు" అంటే మందుల షాపులో మాత్రలు కొనుక్కుని వేసుకుంటారేమోనన్నది. ఇలా అనవసరంగా పోయే గర్భాలు కిరణాల వల్ల పోయేవి కావు, సరిగా చెప్పకపోవడం వల్ల పోయేవి. అందుకని రేడియాలజిస్టు మిల్లీగ్రేల జోలికి పోకుండా మూడు మాటలు చెప్పారు: "ఒక్క ఫిల్మే తీశాం. దాని వల్ల బిడ్డకు అందినది చాలా తక్కువ. ఈ కారణంతో గర్భం తీయించుకోవాల్సిన అవసరం లేదు, ఎవరు చెప్పినా తీయించుకోవద్దు." తర్వాత, "ఇంట్లో ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు?" అని అడిగారు. ఆమె మొదటిసారి చెప్పినదాంట్లో "తీయించుకోవద్దు" అన్న ముక్క లేదు. మళ్ళీ చెప్పి, మళ్ళీ అడిగితే వచ్చింది. "అర్థమైందా?" అని అడిగి ఊరుకుంటే ఆమె అవుననేది, ఆ ముక్క లేకుండానే ఇంటికి వెళ్ళిపోయేది.

ఆమెను ప్రసూతి విభాగానికి పంపాం. అక్కడ గర్భం వయసు నిర్ధారించే అల్ట్రాసౌండ్ చేస్తే, 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం, గర్భిణికి చేసిన స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపాలి. విద్యార్థి ఆమె వెంట నడిచి వెళ్ళాడు. అది శిక్ష కాదు. తన ప్రశ్న ఎక్కడిదాకా వెళ్ళిందో చూడటం అతనికి అవసరమనిపించింది.

నడుంనొప్పికి ఆ ఎక్స్‌రే అసలు అవసరమా అన్నదీ అడగాల్సిన ప్రశ్నే. దెబ్బ తగలలేదు, జ్వరం లేదు, కాళ్ళలో బలహీనత లేదు, నొప్పి మొదలై నెల కూడా కాలేదు. ఇలాంటి చిన్నవయసు వాళ్ళలో మొదటి వారాల్లో ఎక్స్‌రే వల్ల వైద్యం మారేది దాదాపు ఉండదు. ఆ చీటీ పట్టుకుని ఓపీ డాక్టరుకు ఫోన్ చేసే ధైర్యం విద్యార్థికి లేదు. పై వాళ్ళతో మాట్లాడటం కూడా ఇతను నేర్చుకోవాల్సినదే అని అప్పుడే గుర్తించాం. దాన్ని ఆ తర్వాత విడిగా పట్టించుకున్నాం గానీ ఈ వ్యాసంలో దాని జోలికి వెళ్ళను.

లోపం ఎక్కడుంది

తేలిగ్గా చెప్పుకోదగ్గ కారణం ఒకటుంది: తొందర. కానీ తొందర లేని రోజు ఆ విద్యార్థిని గమనిస్తే అదే ప్రశ్న, అదే గుమ్మంలో, అదే తీరులో వచ్చింది. అందుకని జరిగినదాన్ని ముక్కలుగా విడదీసి చూశాం.

మొదటిది, ప్రశ్న జవాబును వెంట తెచ్చుకుంది. "లేదు కదా?" అంటే "లేదు" అనడమే మర్యాద. డాక్టరు దగ్గర, టెక్నీషియన్ దగ్గర కాదనడం ఇష్టపడని మనిషైతే మరీను. ఇదే లోపం పేరు సరిచూసే చోటా ఉంటుంది. పేరు మనమే చదివి "మీరేనా?" అంటే, సరిగా వినపడని ముసలాయన కూడా అవుననేస్తాడు. పేరు, వయసు వాళ్ళ నోటితోనే చెప్పించాలి.

రెండోది, చోటు. అత్తగారి ఎదుట, వరండాలో పదిమంది వినేటట్టు అడిగిన ప్రశ్నకు ఆమె నిజం చెప్పే అవకాశం లేదు. ఆమె అబద్ధమాడిందని విద్యార్థి మొదట్లో అన్నాడు. ఆ ఆలోచన మార్చడానికే ఎక్కువ శ్రమ పట్టింది.

మూడోది, అడిగింది ఒక అభిప్రాయాన్ని. గర్భం ఉందో లేదో ఆమెకే ఖాయంగా తెలియదు. తెలిసినది నెలసరి తేదీ. తెలిసిన విషయం అడిగితే తెలిసిన జవాబు వస్తుంది.

నాలుగోది, ఎవర్ని అడగాలో అతను కళ్ళతో నిర్ణయించేవాడు. మెడలో పుస్తెలు కనిపిస్తే అడిగేవాడు, లేకపోతే వదిలేసేవాడు. పెళ్ళికాని అమ్మాయిని ఇలాంటిది అడిగితే గొడవవుతుందన్నది అతని భయం. మరోవైపు చేతి వేలి ఎక్స్‌రేకి వచ్చిన ఆవిడను కూడా అడిగి అనవసరంగా ఇబ్బంది పెట్టేవాడు. కిరణాలు నేరుగా పడేది డయాఫ్రం నుంచి మోకాళ్ళ దాకా ఉన్న భాగమైతేనే ఈ ప్రశ్న కావాలి: పొట్ట, కేయూబీ (మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం), పెల్విస్, తుంటి, నడుం, ఐవీయూ (మందు ఎక్కించి తీసే మూత్రనాళాల ఎక్స్‌రే), బేరియం పరీక్షలు, పొట్ట లేదా పెల్విస్ సీటీ. అప్పుడు నెలసరి వచ్చే వయసులో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగాలి, సుమారు 12 నుంచి 50 ఏళ్ళ దాకా, పెళ్ళితో పని లేకుండా.

ప్రయత్నించి ఫలించనివి

ముందు గోడ చూశాం. గర్భం ఉండే అవకాశం ఉంటే సిబ్బందికి చెప్పమని కోరే నోటీసు ఎక్స్‌రే గది దగ్గర ఉండాలన్నది ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధన. అది ఉంది, తెలుగులోనే ఉంది. చదవగలిగిన వాళ్ళూ చదవడం లేదు, ఎందుకంటే దాని ముందు జనం నిలబడి ఉంటారు. దాన్ని పెద్దది చేసి బట్టలు మార్చుకునే గదిలో కూడా పెట్టాం. అది కొద్దిగా ఉపయోగపడింది గానీ మనిషి అడగాల్సిన ప్రశ్నను గోడ అడగలేదు.

తర్వాత ఫారం. రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే "నేను గర్భవతిని కాను" అని సంతకమో వేలిముద్రో తీసుకోవడం మొదలైంది. అది విభాగానికి కాగితం భద్రత ఇచ్చింది, రోగికి ఇవ్వలేదు. కౌంటర్ దగ్గర ఫారం నింపేది వెంట వచ్చినవాళ్ళు. పైగా సంతకం ఉన్న కాగితం కనిపించగానే విద్యార్థులు అడగడం పూర్తిగా మానేశారు. ముందున్న పరిస్థితి కంటే అది అధ్వాన్నం. కొన్ని వారాలకే ఆపించాం.

మూడోది, ఐడెట్ అనే అయిదు మెట్ల పద్ధతి. పలకరించడం, తన పేరు చెప్పుకోవడం, ఎంతసేపు పడుతుందో చెప్పడం, ఏం చేస్తామో వివరించడం, కృతజ్ఞత చెప్పడం. పద్ధతి మంచిదే. విద్యార్థి దాన్ని ఒక్క రోజులో కంఠస్థం చేశాడు. తర్వాత గమనిస్తే అయిదు మెట్లనూ ఒకే ఊపిరిలో అప్పజెబుతున్నాడు, కళ్ళు మానిటర్ మీద ఉన్నాయి, వివరణ మధ్యలో "ప్రెగ్నెన్సీ లేదు కదా" కూడా కొట్టుకుపోతోంది. మెట్లు నేర్పాం గానీ ఎక్కడ ఆగాలో నేర్పలేదు.

నాలుగోది, తోటి విద్యార్థులతో నటింపజేయడం. నవ్వులతో సరిపోయింది. రోగిగా నటించేవాడికి జవాబు ముందే తెలుసు, ఇబ్బంది లేదు, దాచుకోవాల్సిందేమీ లేదు. ఇబ్బంది లేని చోట ఇబ్బందికరమైన ప్రశ్న అడగడం సాధన కాదు.

ఆడవాళ్ళను ఆడ సిబ్బందే అడిగేలా చేద్దామని ఒక సూచన వచ్చింది. పగలు సాధ్యమే. రాత్రి డ్యూటీలో, చిన్న ఆసుపత్రుల్లో, ఎక్స్‌రే గదిలో ఉండేది ఒక్క మగ టెక్నీషియనే. రేపు ఈ విద్యార్థి ఉద్యోగం చేసేది అలాంటి చోటే కావచ్చు. అతనికి అడగడం రాకుండా పంపితే సమస్యను మరో ఊరికి పంపినట్టే. అందుకని ఆ సూచనను పక్కన పెట్టాం.

ఫలించినది

మాటల కంటే ముందు చోటు మార్చాం. నడుం ఎక్స్‌రేకి ఎలాగూ చీర విప్పి గౌను వేసుకోవాలి. హుక్కులు, మొలతాడుకున్న వెండి బిళ్ళలు, పిన్నీసులు తీసేయాలి, లంగా బొందు ముడి ఎముక మీద నీడ పడకుండా కిందికి జరపాలి. వెంట వచ్చినవాళ్ళు లేకుండా ఆమె ఒంటరిగా ఉండే సహజమైన సమయం అదొక్కటే. కాబట్టి ప్రశ్న అక్కడికి మారింది. అది కూడా బట్టలు మార్చుకోక ముందు. గౌనులోకి మారిన మనిషి సిగ్గుతో ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంది. ఏది అడిగినా పొట్టి జవాబే వస్తుంది.

అత్తగారిని బయట కూర్చోబెట్టడానికి కొత్త సాకు వెతకనక్కర్లేదు. "అమ్మా, మీరిక్కడ కూర్చోండి. లోపల కిరణాలుంటాయి కాబట్టి రోగిని ఒక్కర్నే ఉంచుతాం. పది నిమిషాల్లో పంపించేస్తాం." ఇది నిజం, నిబంధన కూడా. రోగి సంచీ, చీటీలు ఆమె చేతికే ఇస్తే ఆమెకూ ఒక పని ఉంటుంది, లోపలికి తొంగి చూడదు.

విద్యార్థి గుమ్మం బయట, తలుపు సగం తెరిచి నిలబడతాడు. ఆయా గానీ నర్సు గానీ కనిపించేంత దూరంలో, వినపడనంత దూరంలో ఉంటారు. చిన్న గదిలో ఈ రెండూ కుదర్చడం కష్టం. మేము బెంచీని కొంచెం జరిపి కుదిర్చాం.

గదిలో గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడదీశాం, తిథులూ పండగలూ ఉన్న పెద్ద అక్షరాలది. దీని ఉపయోగం మేము అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంది. తేదీ గుర్తులేని వాళ్ళకు అమావాస్య గుర్తుంటుంది, పండగ గుర్తుంటుంది, గుడికి వెళ్ళలేకపోయిన రోజు గుర్తుంటుంది. నోరు తెరవడం ఇష్టంలేని వాళ్ళు వేలితో చూపించేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, అడిగేవాడి కళ్ళూ చెప్పేవాళ్ళ కళ్ళూ క్యాలెండర్ మీద ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. ఈ విద్యార్థి సగం భయం దానితోనే పోయింది.

మాటలు ఇవి: "అమ్మా, నడుం, పొట్ట ఎక్స్‌రే తీసే ఆడవాళ్ళందర్నీ ఒక మాట అడుగుతాం. పోయినసారి నెలసరి ఏ రోజు మొదలైంది? ఇక్కడ చూపించినా చాలు." అందర్నీ అడుగుతామన్న మాట ముందు రావాలి, అది లేకపోతే తన మీద ఏదో అనుమానం అనుకుంటారు. తనకంటే చిన్న అమ్మాయిని "అమ్మా" అనాలా, "అక్కా" అనాలా అని విద్యార్థి అడిగాడు. అతని యాసలో సహజంగా వచ్చేది వాడమన్నాం. "మేడమ్" మాత్రం వద్దన్నాం. అది వినగానే పల్లెవాళ్ళు బిగుసుకుపోతున్నారు.

అడిగాక ఆగాలి. ఇతనికి నేర్పడానికి అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఒక్క క్షణం మౌనం రాగానే "అంటే, డేట్ దాటలేదు కదా?" అని తనే నింపేసేవాడు. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టమన్నాం. ఆ అయిదు లోపే చాలామంది జవాబు చెప్పేస్తారు. చెప్పనివాళ్ళ మౌనం కూడా ఒక సమాచారమే, అప్పుడు సీనియర్‌ను పిలవాలి.

జవాబు వచ్చాక ఇంకొక్కటి: "ఈసారి ఎప్పటిలాగే అయిందా, తక్కువగా అయిందా?" గర్భం మొదట్లో కనిపించే కొద్దిపాటి రక్తాన్ని నెలసరి అనుకునేవాళ్ళున్నారు. ఇక పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిందా అన్నది కూడా అడగొచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఆ ఆపరేషన్ చేయించుకున్న మహిళలు చాలా ఎక్కువ, దాని గురించి ఎవరి ముందైనా మొహమాటం లేకుండా చెబుతారు. పాలిచ్చే తల్లులకూ, గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకూ నెలసరి రాకపోవచ్చు. అక్కడ తేదీ లెక్క పనిచేయదు, డాక్టరును అడగాలి.

నిర్ణయం ఇలా. తేదీ 28 రోజుల లోపు ఉండి నెలసరి క్రమంగా వచ్చేదైతే మామూలు ఎక్స్‌రే తీయొచ్చు. దాటితే ఆగి, డాక్టరుకు చెప్పి, మూత్ర పరీక్ష. పెల్విస్ సీటీ, బేరియం ఎనిమా లాంటి ఎక్కువ డోసు పరీక్షలూ, హెచ్‌ఎస్‌జీ (గర్భాశయం, ట్యూబుల ఎక్స్‌రే) అయితే నెలసరి మొదలైన మొదటి 10 రోజుల్లో పెట్టుకోవడం మంచిది. ప్రాణం మీదికి వచ్చిన కేసులో ఏ తేదీ కోసమూ పరీక్ష ఆపకూడదు.

సాధన పద్ధతి కూడా మారింది. తోటి విద్యార్థుల స్థానంలో అనుభవమున్న ఒక స్టాఫ్ నర్సు రోగిగా, ఒక ఆయా అత్తగారిగా నటించారు. ఆయా పాత్ర పని ఒక్కటే: ప్రతి ప్రశ్నకూ రోగి కంటే ముందు తను జవాబు చెప్పడం. ఆమెకు ఆ పాత్ర గురించి ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. నర్సుకు ఒక చీటీ ఇచ్చేవాళ్ళం; అందులో ఆమె నెలసరి తేదీ, ఆమె దాచుకున్న విషయం ఉండేవి. విద్యార్థికి అవి తెలియవు. తేదీ రాబట్టగలిగాడా లేదా అన్నదే ఫలితం. మంచిగా మాట్లాడాడా అని మార్కులు వేస్తే అతను మర్యాదలు పెంచేవాడు. తేదీ వచ్చిందా అని చూస్తే అడిగే తీరు మార్చుకున్నాడు.

ఇంకొకటి, మిషను ఆపేసి విద్యార్థినే గౌను వేయించి బల్ల మీద పడుకోబెట్టాం. మరొకరు కన్సోల్ దగ్గర నుంచి సూచనలిచ్చారు. చల్లటి బల్ల, తల వెనక నుంచి వచ్చే గొంతు, మాట్లాడేది ఎవరో కనిపించకపోవడం. లేచాక అతను తనంతట తాను చేసిన మార్పు ఒకటుంది: చెప్పాల్సినది రోగి మొహం కనిపించే చోట నిలబడి చెప్పి, ఆ తర్వాతే కన్సోల్ దగ్గరికి వెళ్ళడం.

గమనించేటప్పుడు మేము చూసేవి నాలుగే: పేరు రోగి నోటితో చెప్పించాడా, ప్రశ్న ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాడా, అడిగాక ఆగాడా, జవాబును తిరిగి చెప్పి సరిచూసుకున్నాడా. పెద్ద జాబితా పెట్టి చూసినప్పుడు గమనించేవాళ్ళు కాగితం వైపే చూస్తున్నారు.

మధ్యలో ఎదురైన మరో తప్పు

ఇవన్నీ కుదిరాక కూడా ఒకసారి దారి తప్పింది. కేయూబీ ఎక్స్‌రేకి వచ్చిన పెళ్ళికాని అమ్మాయి దగ్గర విద్యార్థి తేదీ సరిగానే రాబట్టాడు. నెల దాటింది. ఆపాడు, సీనియర్‌కు చెప్పాడు. అంతా సరిగ్గా చేసి, ఓపీ చీటీ మీద "గర్భం?" అని రాసి ఇచ్చాడు. ఆ చీటీ వాళ్ళమ్మ చేతిలో ఉంది. అదృష్టం కొద్దీ అతను రాసింది ఇంగ్లీషులో, గజిబిజిగా. ఆవిడ చదవలేదు. అమ్మాయికి నెలసరి క్రమం తప్పే సమస్య ఉందని, గర్భం లేదని తర్వాత తేలింది.

అప్పటినుంచి చీటీ మీద ఎల్‌ఎంపీ (చివరి నెలసరి) అని, తేదీ మాత్రమే రాస్తున్నారు. ఆ తేదీ చదివిన డాక్టరుకు ఏం చేయాలో తెలుస్తుంది. మిగతాది ఫోన్లో చెప్పాలి. రహస్యం కాపాడటమంటే గొంతు తగ్గించడమేనని విద్యార్థులు అనుకుంటారు. కాగితం ఎవరి చేతుల మీదుగా పోతుందో కూడా చూడాలి. మూత్ర పరీక్ష సీసా ఎవరు పట్టుకెళ్తారు, ఫలితం ఎవరి పేరు పిలిచి చెబుతారు అన్నవి కూడా అప్పుడే సరిచేశాం.

దీని నుంచి మేము తీసుకున్నవి

విద్యార్థి చేతి పని బాగున్నప్పుడు అతని మాట కూడా బాగుంటుందని అనుకోవడం విభాగం తప్పు. ఒంటరిగా కన్సోల్ దగ్గర ఉంచే ముందు ఇప్పుడు రెండూ చూస్తున్నాం. ఎక్స్‌పోజర్ చార్టు అప్పజెప్పమని అడిగినట్టే, నెలసరి ప్రశ్న అడిగి చూపించమంటున్నాం. విడివిడి స్టేషన్లలో ఒక్కో నైపుణ్యం చేయించి చూసే ఓస్కీ పరీక్షలో దానికి ఒక స్టేషన్ పెట్టాం. వైద్య విద్యావేత్త హార్డెన్ స్కాట్లండ్‌లోని డండీలో 1975లో మొదలుపెట్టిన ఆ పరీక్షా పద్ధతి ఇలాంటి నైపుణ్యాలకు చక్కగా సరిపోతుంది. స్టేషన్‌లో అత్తగారి పాత్ర తప్పనిసరి.

తప్పు బయటపడగానే విద్యార్థిని అందరి ముందూ మందలించి ఉంటే రెండోసారి అతను సీనియర్‌ను పిలిచేవాడు కాదని మా నమ్మకం. మొదటి రోజు లాటరల్ ఆపి పిలవడాన్ని అందరి ఎదుటా మెచ్చుకున్నాం. లెడ్ షీల్డ్ అబద్ధం గురించి మాత్రం విడిగా, గట్టిగా మాట్లాడాం. తెలియనప్పుడు అనాల్సిన మాట కూడా ఇచ్చాం: "దీని గురించి డాక్టరుగారే సరిగ్గా చెబుతారు, ఇప్పుడే పిలుస్తాను." ఆ మాట నోటికి రావడానికి కూడా సాధన కావాలి.

ఇంకా కుదరనివి రెండు ఉన్నాయి. వార్డులో మంచం దగ్గరే తీసే పోర్టబుల్ ఎక్స్‌రేలకు విడి గది ఉండదు. పక్క మంచం రెండడుగుల దూరంలో, చుట్టూ బంధువులు. ప్రస్తుతానికి అక్కడ వార్డు నర్సు కేసు షీటు రాసేటప్పుడే ఎల్‌ఎంపీ తేదీ నమోదు చేస్తోంది. విద్యార్థి దాన్ని చదివి, రోజుల లెక్క చూసి, ఖాళీగా ఉంటే మిషను ప్లగ్గు పెట్టకముందే నర్సును అడగాలి. రెండోది రాత్రి డ్యూటీ. ఒక్క మగ టెక్నీషియన్, ఒక్క తలుపు, ఆయా లేదు. అప్పుడు క్యాజువాలిటీ నర్సును పిలిపించి, ఆమె వచ్చేదాకా ఆగాలన్నది ఇప్పటి నియమం. రద్దీ రాత్రుల్లో ఆమె రావడానికి చాలాసేపు పడుతోంది, ఆ సమయం తగ్గించే పని ఇంకా సాగుతోంది.